దెబ్బ ఒకరికి, దావా ఇంకొకరికా?

హన్మకొండలో పది కోర్టులకు కలిపి కట్టిన కొత్త భవన సముదాయాన్ని 2021 డిసెంబరు 19న అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ ప్రారంభించారు. భవనం కొత్తదే కానీ, అక్కడ దావా వేయబోయే మనిషికి ఎదురయ్యే మొదటి ప్రశ్న చాలా పాతది: 'ఇందులో నీకేం సంబంధం?' ఆ ప్రశ్న న్యాయమైనదా కాదా అని తగువులాడే ఇద్దరు ఈ సంవాదంలో ఉన్నారు. ఒకాయన ముప్పై అయిదేళ్లకు పైగా సివిల్ కేసులు నడుపుతున్న వకీలు. రెండో ఆయన నర్సంపేట వైపు పత్తి, మిరప వేసే రైతు, రైతు సంఘం మనిషి, వకీలు భార్యకు సొంత తమ్ముడు. ఇద్దరూ ఊహించిన మనుషులే. వాళ్లు చెప్పే తీర్పులు, చట్టాలు, తేదీలు మాత్రం నిజమైనవి.

గొడవ ఒక విత్తనాల బిల్లు దగ్గర మొదలైంది. బామ్మర్ది చేను పక్కన ఒక కౌలు రైతు మిరప తోట పెట్టాడు. మొక్క ఏపుగా పెరిగింది కానీ కాయ పడలేదు. బిల్లు చూస్తే పట్టాదారు పేరు మీద ఉంది, దుకాణంలో ఖాతా ఆయనది కాబట్టి. పట్టాదారేమో హైదరాబాదులో ఉంటాడు. కౌలు డబ్బు ముందే ముట్టింది. కేసు ఊసెత్తితే నాకెందుకీ లొల్లి అంటాడు.

"లక్షకు మీద పెట్టుబడి పెట్టింది కౌలుదారు, మునిగింది కౌలుదారు. మరి కంపెనీ మీద కేసు ఎవరు ఏయాలె బావా?"

"బిల్లు ఎవరి పేరు మీదున్నది?"

"చూసినవా, అందరూ గదే అడుగుతరు. తోట ఎవరిదని ఒక్కరన్నా అడగరు."

"నేను అడిగేది కోర్టు అడిగేదే. సివిల్ ప్రొసీజర్ కోడ్‌ల ఆర్డర్ 7 రూల్ 11 అని ఉంటది. నాకు ఈ హక్కుండె, ఎదుటోడు దాన్ని దెబ్బతీసిండు అని దావా కాయితంల కనబడకపోతే, సాక్షి నోరు తెరవకముందే దాన్ని కొట్టేస్తరు."

"మరి పోస్టుకార్డు రాస్తే సుప్రీంకోర్టు కేసు కట్టిందంటరు గదా? అప్పుడు ఎవరి హక్కని అడిగిండ్రు?"

ఇది చాలామందికి ఉన్న అనుమానమే. 1981లో ఎస్.పి. గుప్తా కేసులో సుప్రీంకోర్టు తలుపు బార్లా తీసింది. పేదరికం వల్లనో మరో నిస్సహాయత వల్లనో కోర్టుకు రాలేని వారి తరఫున, స్వార్థం లేని ఎవరైనా రావచ్చంది. అయితే అది ప్రభుత్వాన్ని నిలదీసే వ్యాజ్యాలకు. ఇద్దరు మామూలు మనుషుల మధ్య బాకీ, ఒప్పందం, భూమి, నష్టపరిహారం లాంటి తగాదాల్లో ఆ తలుపు పని చేయదు. నీకు రావాల్సిన అప్పు కోసం నీ పక్కింటాయన దావా వేయలేడు, ఎంత మంచి మనసున్నవాడైనా సరే.

"గంతెందుకు బావా, కంపెనీకి మాకూ అసలు ఒప్పందమే లేదు. మాకు అమ్మింది దుకాణపాయన. గట్ల చూస్తే పట్టాదారు గూడ కంపెనీ మీదికి పోలేడు."

"పాత ఇంగ్లీషు పద్ధతిల అంతే. ఒప్పందం జేసుకున్న ఇద్దరే ఒకరి మీద ఒకరు కొట్లాడాలె. 1861ల ట్వెడిల్ వర్సెస్ అట్కిన్‌సన్ అని ఒక కేసు. పిల్ల తండ్రి, పిలగాని తండ్రి కూసొని, కొత్త అల్లునికి మనిద్దరం ఇంతింత ఇద్దామని రాసుకున్నరు. పిల్ల తండ్రి ఇయ్యకముందే సచ్చిపోయిండు. అల్లుడు కోర్టుకు పోతే, ఒప్పందం నీది కాదు పొమ్మన్నరు."

"పైసలు ఎవరికోసం రాసిండ్రో ఆయనకే హక్కు లేదా? మన దిక్కు అల్లుడైతే ఊకుంటడా!"

వకీలుకు ఇలాంటి కేసులంటే మహా ఇష్టం. వెంటనే మద్రాసు హైకోర్టుకు వెళ్లాడు. 1880ల తొలినాళ్లలో తేలిన చిన్నయ్య, రామయ్యల కేసు మన దేశంలో లా చదివే ప్రతి విద్యార్థికీ మొదటి నెలల్లోనే తగులుతుంది. పేర్లే చెబుతున్నట్టు అది తెలుగు కుటుంబం. ఒక పెద్దావిడ తన ఆస్తిని కూతురికి దానంగా రాసింది. దానికి ఒక షరతు పెట్టింది: తన తోబుట్టువుకు ఏడాదికి 653 రూపాయలు ఇస్తూ ఉండాలి. సరేనని కూతురు అదే రోజు ఆ తోబుట్టువు వైపు వారికి విడిగా కాగితం రాసిచ్చింది. తర్వాత ఇవ్వలేదు. వాళ్లు నాకేమీ ఇవ్వలేదు, ప్రతిఫలం లేనిదే మాట చెల్లదు అని వాదించింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 2(డి) సెక్షను ప్రకారం ప్రతిఫలం ఎదుటి మనిషే ఇవ్వాలని లేదు, ఇంకెవరు ఇచ్చినా చాలు అంటూ కోర్టు ఆమెతో డబ్బు కట్టించింది.

"1910ల ప్రివీ కౌన్సిల్ ఇంక ముందుకు పోయింది" అని వకీలు అందుకున్నాడు. "హుసేనీ బేగం కేసు. ఆమెకు, ఆమె మొగనికి ఇద్దరికీ మైనార్టీ తీరకముందే పెండ్లి మాటలయినయి. కోడలికి నెలకు 500 రూపాయలు పాన్‌దాన్ ఖర్చు ఇస్తనని మామ 1877ల పిల్ల తండ్రికి రాసిచ్చిండు. ఆ ఒప్పందంల ఆమె సంతకం లేదు. అయినా దావా ఏయనిచ్చిండ్రు. పిల్లల పెండ్లిళ్లు పెద్దోళ్లు కుదిర్చే దేశంల ఇంగ్లీషు పద్ధతి పట్టుకొని కూసుంటే అన్యాయం జరుగుతదన్నరు."

"653 రూపాయలు, 500 రూపాయలు. ఆ కాలంల అవి ఎవరి ఇండ్లల్ల పైసలు బావా? జమీందార్లకు, బేగంలకు చట్టం వంగింది. కౌలోనికి వంగుతదా?"

ఈ దెబ్బ తగిలింది. వకీలు కాసేపు మాట మార్చి, ఆ మినహాయింపులు ట్రస్టు, ఆస్తి మీద బాధ్యత, కుటుంబ ఏర్పాటు లాంటి వాటికేనని, అసలు నియమం అలాగే ఉందని 1969లో ఎం.సి. చాకో కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసిందని చెప్పాడు. చెప్పింది నిజమే కానీ, బామ్మర్ది అడిగినదానికి అది జవాబు కాదు.

జవాబు స్కాట్లండ్ నుంచి రావాల్సి వచ్చింది. 1928 ఆగస్టు 26న పెయిస్లీ పట్నంలో ఒక కెఫేకి మే డోనహ్యూ అనే దుకాణంలో పనిచేసే ఆవిడ స్నేహితురాలితో వెళ్లింది. స్నేహితురాలు డబ్బులిచ్చి ఆవిడకు అల్లం సోడా కొనిపెట్టింది. ముదురు రంగు సీసా, లోపలేముందో కనబడదు. సగం తాగాక మిగిలింది వంపితే కుళ్లిన నత్త బయటపడిందని, దానితో తనకు జబ్బు చేసిందని ఆమె ఆ సోడా తయారు చేసిన స్టీవెన్‌సన్ మీద 500 పౌండ్లకు దావా వేసింది. కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. ఓడితే ఖర్చులకు హామీ కట్టే స్తోమత లేక, తాను నిరుపేదనని ఆమె ప్రమాణపత్రం ఇచ్చుకుంది. 1932 మే 26న అయిదుగురు లార్డుల్లో ముగ్గురు ఆమె వైపు నిలిచారు. తన అజాగ్రత్త వల్ల ఎవరికి దెబ్బ తగులుతుందో ముందే ఊహించగలిగిన వాడికి, వాళ్ల పట్ల జాగ్రత్త వహించే బాధ్యత ఉంటుందని లార్డ్ అట్కిన్ తీర్పు. ఒప్పందం ఉందా లేదా అన్నది ఆ బాధ్యతకు అడ్డం కాదు.

బామ్మర్ది ముఖం వెలిగింది. "ఆగు బావా ఆగు. ఆమె చేతిల బిల్లు లేదు! కొన్నది దోస్తు, తాగింది ఈమె. మా కౌలోని కథ అచ్చం గిదే గదా! పట్టాదారు కొన్నడు, కౌలోడు ఏసిండు."

"కాదంటలేను. కానీ ఒకటి మతిల పెట్టుకో. ఆమెకు దావా ఏసే హక్కు ఉన్నదా అని మాత్రమే తేల్చిండ్రు. నత్త నిజంగ ఉండెనా లేదా అన్నది ఏ కోర్టుల రుజువు కాలె. తర్వాత రాజీ అయింది. తలుపు తెరుసుకునుడు వేరు, గెలుసుడు వేరు."

"ముందుగాల తలుపు తెరువు. గెలుసుడు సంగతి మేం చూసుకుంటం."

ఇక్కడ వకీలు ఒక మెట్టు దిగాడు. విత్తనాల విషయంలో ఇంత దూరం పోనక్కర్లేదన్నాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద గెలిచిన కేసు ఉంది. 2012 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కార్పొరేషన్ వాదనలు మనకు తెలిసినవే: విత్తనాల చట్టం కింద పోవాలి, వినియోగదారుల ఫోరానికి కాదు, పంట అమ్ముకునే రైతు వ్యాపారి, వినియోగదారుడు కాదు, విత్తనాల నమూనా ల్యాబుకు పంపలేదు. ఒక్కటీ నిలవలేదు. కొన్న విత్తనమంతా భూమిలో చల్లిన రైతు నమూనా ఎక్కడి నుంచి తెస్తాడని కోర్టు అడిగింది. పొలం చూసిన అధికారుల నివేదికలకు విలువనిచ్చింది.

"మరి కౌలుదారు?"

"వినియోగదారుల చట్టంల కొన్నోడే గాదు, కొన్నోని సమ్మతితోని వాడుకున్నోడు గూడ వినియోగదారుడే. 1986 చట్టంల ఉండె, 2019 చట్టంల గూడ ఉన్నది. పట్టాదారు నా ఒప్పుకోలుతోనే ఏసిండని ఒక్క మాట రాసిస్తే కౌలుదారు నేరుగ పోవచ్చు. పైగా కొత్త చట్టంల తయారీదారుని బాధ్యత మీద వేరే అధ్యాయమే పెట్టిండ్రు."

"ఇందాకటి సంది గింత సతాయించి ఇప్పుడు చెప్తవా!"

"ఇంక కాలె. కంపెనీ వకీలును నేనైతే ఏం జేస్తనో చెప్త ఇను. వ్యాపారం కోసం తీసుకున్నోడు వినియోగదారుడు కాదని ఉంటది. బతుకుదెరువు కోసమైతే వ్యాపారం కిందికి రాదని దాని కింద ఒక వివరణ ఉంటది. ఆ వివరణల 'కొని, స్వయంగా వాడుకున్న' అని ఉన్నది. మీ కౌలోడు వాడుకున్నడు, కొనలె. నేను ఆ మాట మీద నిలబడత."

"నువ్వు మా పొలంల పుట్టాల్సినోనివి కాదు బావా."

వకీలు నవ్వాడు గానీ, ఆయన చూపించిన పగులు నిజమైనది. చట్టం ఒక వాక్యంలో వాడుకున్నవాడిని లోపలికి పిలిచి, తర్వాతి వాక్యంలో కొన్నవాడి కోసమే కుర్చీ వేసింది. రైతు పక్షాన నిలిచిన 2012 తీర్పు స్ఫూర్తితో చదివితే కౌలుదారుకు చోటు దొరకాలి. అక్షరం పట్టుకుని చదివితే రెండేళ్లు వాయిదాల్లో పోతాయి. తెలంగాణలో కౌలు సాగు చాలామటుకు నోటిమాట మీద నడుస్తుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. 2018లో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం కూడా పట్టా ఉన్నవారికే వెళ్లింది.

బామ్మర్ది ఇంకో దారి పట్టాడు. "ఒక్కొక్కడు పోతే కంపెనీ నమిలేస్తది. అందరి కాడ సంతకాలు తీసుకొని, ఈ నష్టం కేసు మాకు అమ్మినమని రాయిస్తం. సంఘమే దావా ఏస్తది. పాత సంగతి నీకెరుక లేదా? 2002ల కేంద్రం మూడు బీటీ పత్తి రకాలకు అనుమతిచ్చింది. మన వరంగల్ల వాటితోని మునిగినోళ్లు ఎందరు! 2005ల ఆ మూడింటికీ ఆంధ్రప్రదేశ్‌ల అనుమతి ఆగిపోయింది. 2006ల రాష్ట్ర ప్రభుత్వమే బీటీ కంపెనీ మోన్‌శాంటో మీద, గుత్తవ్యాపారాన్ని ఆపే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు పోతే ప్యాకెట్ ధర 750కి దిగింది. రైతు ఒక్కడు పోతే దిగునా?"

"ధర దిగింది, మంచిదే. 2002ల పంట పోయినోనికి ఆ కేసుల ఒక్క రూపాయి వచ్చిందా? ప్రభుత్వం ధర కోసం కొట్లాడింది, నీ నష్టం కోసం కాదు. ఇగ కేసు అమ్ముడంటవా, ఆస్తి బదిలీ చట్టం 1882, సెక్షన్ 6(ఇ). ఉత్త దావా హక్కును అమ్మరాదు, కొనరాదు. లేకపోతే కష్టంల ఉన్నోని కాడ కేసులు పావలాకు కొని రూపాయికి గెలిచే దుకాణాలు కోర్టు గేటు కాడనే పెడుతరు."

"మంది మంచి కోసం ఏస్తే గూడ తప్పేనా?"

వకీలు గొంతు ఇక్కడ గట్టిపడింది. "భోపాల్ గుర్తున్నదా? 1984 డిసెంబరుల యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీల గ్యాసు లీకైంది. 1985ల చట్టం జేసి, బాధితుల దావా హక్కంత కేంద్ర ప్రభుత్వం చేతికి తీసుకున్నది. వాళ్ల తరఫున మేమే కొట్లాడుతం అన్నది. 330 కోట్ల డాలర్లు అడిగి, 1989 ఫిబ్రవరిల 47 కోట్ల డాలర్లకు రాజీ పడ్డది. బాధితులను అడగనే లేదు. ఇంకా ఇప్పియ్యిమని పోతే 2023 మార్చిల సుప్రీంకోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. నీ తరఫున దావా ఏసేటోనికి నీ తరఫున రాజీ పడే అధికారం గూడ వస్తది బామ్మర్దీ."

"యూనియన్ కార్బైడ్‌తోని బస్తీలోళ్లు ఒక్కొక్కరు కొట్లాడుదురా?"

"కొట్లాడలేరు. అందుకే మందికి ఒక దారి ఉన్నది. ఆర్డర్ 1 రూల్ 8. ఒకే బాధ ఉన్నోళ్లు పెద్దగుంపు అయితే, అందుల ఒకరో ఇద్దరో కోర్టు అనుమతితోని అందరి తరఫున ఏయచ్చు. అందరికీ నోటీసు పోవాలె. కోర్టు ఒప్పుకోకుండ రాజీ కుదరదు. వినియోగదారుల చట్టంల సెక్షన్ 35 గూడ గట్లనే. గుర్తింపు ఉన్న వినియోగదారుల సంఘం గూడ ఏయచ్చు. కానీ ముందల నిలబడేటోడు దెబ్బ తిన్నోడే అయితే మంచిది."

"అంటే నేను ఏయలేను."

"నీ పంట పండింది గదా."

ఇలా ఉంటుంది ఈ చట్టం తీరు, చోటుకో లెక్క. ఎనుమాముల మార్కెట్లో ఇద్దరు కలిసి పత్తి వ్యాపారం పెడతారు, భాగస్వామ్యం రిజిస్టరు చేయించరు. బాకీ ఎగ్గొట్టిన మిల్లు మీద ఆ ఒప్పందం పట్టుకుని దావా వేయబోతే, 1932 భాగస్వామ్య చట్టం 69వ సెక్షను అడ్డుపడుతుంది. వాళ్ల మీద మాత్రం ఎవరైనా వేయవచ్చు. గుడిలో దేవుడికి ఈ ఇబ్బంది లేదు. విగ్రహాన్ని చట్టం వ్యక్తిగా గుర్తిస్తుంది. 1989లో రామ్‌లల్లా పేరుతో, ఒక రిటైర్డు జడ్జి 'నెక్స్ట్ ఫ్రెండ్'గా వేసిన దావాయే 2019 నవంబరు 9న గెలిచింది. దేవుడు దావా వేయగా లేనిది కౌలు రైతుకు ఎందుకింత గండమని బామ్మర్ది అడిగాడు. వకీలు ఈసారి టీ చల్లారిపోతోందన్నాడు.

చావు విషయంలో చట్టం ఎక్కువ కరిగింది. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టంలో భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలకే పరిహారం. అన్నదమ్ములకు లేదు. మోటారు వాహనాల చట్టం కింద అన్నదమ్ములూ అడగవచ్చని 1987లో గుజరాత్ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. 2021 అక్టోబరులో కేరళ కేసు ఒకదానిలో, అల్లుడి ఇంట్లో అతడి మీద ఆధారపడి బతికే అత్త కూడా అర్హురాలేనంది.

"అంటే నీకేమన్నయితే మా అమ్మ కేసు ఏయచ్చన్నమాట!"

"మీ అమ్మ మా ఇంట్ల ఉంటే ఏయచ్చు. నీ ఇంట్ల ఉన్నది గదా, ఆమెకు ఆ అవకాశం లేదు."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులోనే వకీలు ఒక మాట వదిలాడు.

"మీ తాత భూమి ఇప్పటికీ పంచలేదు గదా?"

బామ్మర్ది నవ్వు ఆగింది.

"మీ అక్క పెండ్లి 1984ల అయింది. ఎన్టీఆర్ కాలంల ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిల సమాన వాటా ఇచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. ఆనాటికే పెండ్లయినోళ్లకు లేదన్నరు. ఒక్క సంవత్సరంల పోయింది. మళ్ల 2005 సెప్టెంబరు 9న కేంద్ర చట్టం మారింది. పెండ్లయిందా లేదా అన్న తేడా పోయింది. తండ్రి ఆనాటికి బతికి ఉండాలెనా అనే తగాదను 2020 ఆగస్టు 11న వినీత శర్మ తీర్పు తీసేసింది. పుట్టుకతోనే హక్కన్నది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు పంపకమో, కోర్టు డిక్రీతోని పంపకమో అయి ఉండొద్దు. మీది కాలె."

"అక్క కేసు ఏస్తదా?"

"ఏయదు. నేను ఒకసారి అడిగిన. తమ్ముని మీద కోర్టుకు ఎక్కనన్నది. నేను వకీలును, కాయితాలన్ని నాకెరుక. మూడు నెలల్ల దావా తయారు జేస్త. కానీ నేను ఏయలేను. హక్కు ఆమెది. నువ్వన్నట్టు మంచి మనసుతోని ఎవడన్నా ఏయచ్చు అంటే, బామ్మర్దీ, నీ మీద మొదటి దావా నాదే."

చాలాసేపు బామ్మర్ది మాట్లాడలేదు. వకీలు వాదన మొత్తంలో గట్టి పాయింటు ఇదే. దావా వేసే హక్కులో వేయకుండా ఉండే హక్కు కూడా ఉంది. ఒక ఆడపిల్ల పుట్టింటి మీద కోర్టుకు వెళ్లాలా వద్దా అన్నది ఆమె భర్తగానీ, సంఘంగానీ, ప్రభుత్వంగానీ తేల్చే విషయం కాదు. ప్రైవేటు చట్టం 'నీకేం సంబంధం' అని మొదటే అడగడం వెనుక ఈ జాగ్రత్త ఉంది. ఆమె వద్దనడం వెనుక ఎంత ప్రేమ, ఎంత బెదురు ఉన్నాయో అది వేరే వ్యాసం.

అయితే బామ్మర్ది ఓడిపోలేదు. లేచి నిలబడి అన్న మాట ఇది: "సరే బావా. అక్క పేరు పాసుబుక్కుల లేదు. అయినా పుట్టింది గాబట్టి హక్కున్నది అన్నది చట్టం, కాయితం అడగలె. పండించింది గాబట్టి హక్కున్నదని కౌలోనికి ఎందుకు అనదు? ఆయనను మాత్రం బిల్లు ఎందుకడుగుతది?"

వకీలు దగ్గర దీనికి జవాబు లేదు. ఉండాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే ఇక్కడ బామ్మర్దిదే న్యాయం. దెబ్బ తిన్నవాడే దావా వేయాలన్నది సరైన నియమమైతే, దెబ్బ తిన్నవాడెవరో తేల్చడానికి రసీదు మీది పేరు కంటే చేనులో చెమట పెద్ద సాక్ష్యం కావాలి. వినియోగదారుల చట్టంలోని ఆ వివరణలో 'కొని' పక్కన 'లేదా కొన్నవారి సమ్మతితో పొంది' అన్న నాలుగు మాటలు చేర్చడానికి పార్లమెంటుకు పెద్ద కష్టం లేదు.

అప్పటిదాకా కౌలుకు చేసేవారు ఈ మాట వినండి. విత్తన దుకాణదారు ప్రతి అమ్మకానికీ బిల్లు ఇచ్చి తీరాలని 1983 విత్తనాల నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. ఖాతా ఎవరిదైనా ఆ బిల్లు మీద సాగు చేసేవారి పేరు రాయించుకోండి. లాట్ నంబరున్న ఖాళీ ప్యాకెట్లు పారేయవద్దు. కౌలు మాట తెల్లకాగితం మీదైనా పట్టాదారు సంతకంతో ఉంచుకోండి. పంట చేనులో ఉండగానే వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, పొలం చూపించి, నివేదిక నకలు తీసుకోండి. విత్తనాలకు చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు. గడువు రెండేళ్లు.